తువాలు కింద బేరం

"ఆయనది తరువాత సూద్దాం రాధికా. ముందు నాది రాయి."

పోయిన వారం కథ ఈ మాట దగ్గర ఆగింది. ఈ మాట పడిన చోటు ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు పక్కనున్న తాళ్ల అంగడి. అన్నది ఆ అంగడి నడిపే మల్లేశ్వరి. విన్నవాళ్లు ముగ్గురు. ఒకరు ఆమె భర్త బసప్ప, ఎద్దుల సంతలో దళారి. రెండోది రాధిక, బ్యాంకు పనులను జనం గుమ్మాల దగ్గరికే తెచ్చిపెట్టే బ్యాంకు మిత్ర. మూడోవాడు మాదన్న, పొద్దున్నే బసప్ప చేతుల మీదుగా ఎద్దుల జత కొని, వాటికి పలుపులు తీసుకుందామని వచ్చిన దేవనకొండ రైతు.

బసప్పకు వచ్చే నెలలో నలభై నిండుతాయి. నలభై దాటితే అటల్ పెన్షన్‌లో చేర్చుకోరు. అందుకని వారం రోజులు లెక్కలు వేసుకుని, అరవై దాటాక నెలకు అయిదు వేలు వచ్చేట్టు తన పేరున ఒక పింఛను కట్టాలని తేల్చుకుని, రాధికను అంగడికే రమ్మన్నాడు. భార్యకు వేరుగా కట్టాలన్న సంగతి ఆ లెక్కలో లేదు. మరిచిపోయి కాదు. జత ఎద్దులు అమ్మేటప్పుడు రెండోదానికి విడిగా ధర చెప్పరు కదా, అట్లా అనుకున్నాడు.

ఇప్పుడు ఆ రెండోది కాడి దించి నిలబడింది.

బసప్ప ముఖం కదల్చలేదు. నచ్చని ధర విన్నా ముఖంలో కనబడనివ్వకపోవడం అతని వృత్తి. తాపీగా బల్ల మీద కూర్చున్నాడు.

"నీదేమి రాయాలమే? నీకు నేను లేనా?"

"ఉండావు. ఉండు. నిన్ను పొమ్మని ఎవురన్నారు?" మల్లేశ్వరి చేతులు ఆగలేదు. మాదన్న కోసం నైలాన్ తాడును మూరలు వేసి కొలుస్తూనే ఉంది.

"అది కాదే. ఇప్పుడు నేను కట్టిన దాంట్లో నువ్వూ ఉంటావు. రాధికా, నువ్వన్నా సెప్పమ్మా ఈమెకు."

రాధిక చేతిలోని ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకుంది. "అక్కా, అన్న సెప్పింది నిజమే. అన్నకు ఏమన్నా అయితే, అదే పింఛను మీరు ఉన్నన్నాళ్లు మీకు వస్తాది."

"ఇన్న్యావా?" అన్నాడు బసప్ప.

"ఇన్న్యా." మల్లేశ్వరి తాడును కత్తిరించి ముడి వేసింది. "అంటే నువ్వు పోతే గాని నాకు రాదు. అరవై దాటినంక నేను పొద్దన్నే లేసి, ఈయప్పకు ఊపిరి ఆడతాందా లేదా అని ముక్కు కాడ వేలు పెట్టి సూసుకోవల్ల. ఆడతాంటే నాకు నష్టం, ఆగిపోతే లాభం. ఏమి సంసారమప్పా అది?"

మాదన్న నవ్వు ఆపుకోలేక పలుపులను నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు నవ్వద్దు మాదన్నా," అన్నాడు బసప్ప. "మీ ఇంట్లో కూడా ఉండాదిలే ఒకటి."

"ఉండాదన్నా. కాకపోతే మా యామెకు ఇంతవరకు ఈ మాట తట్టలా. పోయి సెప్తానో లేదో ఆలోచించుకోవల్ల."

"నీ సావు మీద వచ్చే దుడ్లు నాకొద్దు," అంది మల్లేశ్వరి, ఈసారి కాస్త నెమ్మదిగా. "నా రెక్కల మీద వచ్చేవి కావల్ల. పద్దెనిమిదేండ్లుగా ఈ అంగట్లో తాళ్లు పేనతాండా. నాకూ అరవై వస్తాయి. ఆ పొద్దు నా సేతిలోకి నావి అని కొన్ని రావల్ల. అంతే."

రాధిక అందుకుంది. "మొగుడూ పెండ్లాలు ఇద్దరూ వేరువేరుగా చేరొచ్చన్నా. ఆదాయప్పన్ను కట్టేవాళ్లు చేరగూడదు, అదొక్కటే."

"మేమా? పన్నా?" అని మాదన్న మళ్లీ నవ్వాడు.

బసప్ప నవ్వలేదు. మనసులో కూడికలు నడుస్తున్నాయి. తనకు నెలకు పదమూడువందల చిల్లర. మల్లేశ్వరికి ముప్పై ఆరు కాబట్టి కొంచెం తక్కువ, వెయ్యికి ఒక పది అటూ ఇటూ. రెండూ కలిస్తే రెండువేల మూడువందలు. ఒక నెలా రెండు నెలలా, ఇరవై ఏళ్ల పైమాట. దళారి సంపాదన నెల జీతం కాదు. సేద్యం మొదలయ్యే ముందు రోజుకు నాలుగు జతలు కుదురుతాయి, తరువాత వారాల తరబడి కండువా దులుపుకుని ఇంటికి రావడమే. పైగా ఏడాదికేడాది ట్రాక్టర్లు పెరుగుతున్నాయి, సంతలో గుంజలు ఖాళీ అవుతున్నాయి. ఎద్దు లేనప్పుడు ఎద్దుల దళారి ఎందుకు? ఎద్దుల పలుపులు అమ్మే అంగడి మాత్రం ఎందుకు?

ఈ చివరి ప్రశ్నకు బసప్ప అప్పటికే ఒక జవాబు వెతుక్కున్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఈ అంగడి ఉన్న మూడు సెంట్ల జాగా అతని తండ్రి ఇచ్చింది, అతని పేరు మీదే ఉంది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే భీమప్ప దాన్ని అడుగుతున్నాడు, ట్రాక్టర్ సామాన్ల గోదాము వేసుకుంటాడట. అమ్మి, ఆ సొమ్ము బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ ఈ తాళ్ల మీద వచ్చే లాభం కంటే ఎక్కువని బసప్ప లెక్క. నాలుగు రోజుల కింద ఆదోనిలో ఇద్దరూ కూర్చుని, సంత పద్ధతిలోనే, తువాలు కింద చేతులు కలిపి ధర తేల్చుకున్నారు. ఇక్కడి సంతల్లో బేరం నోటితో చెప్పరు. చుట్టూ నలుగురు నిలబడి ఉంటారు కాబట్టి, చేతుల మీద తువాలు కప్పి, ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర చెప్తారు. ఒక వేలు పడితే ఒకటి, చేయంతా పడితే అయిదు. అది వేలా లక్షలా అన్నది మాత్రం పైకి అంటారు. కింద కుదిరిన మాట రాతకన్నా గట్టిది. అది తప్పిన దళారి దగ్గరికి మరునాడు ఎవడూ ఎద్దును తోలుకురాడు.

అంగడే ఉండనప్పుడు అంగడి నడిపే మనిషికి నెలనెలా పింఛను కట్టేది ఎక్కడి నుంచి? బసప్ప గొంతులో ముల్లు అదే. దాన్ని బయటికి తీయలేడు.

"నలుగురిలో ఇంటి లెక్కలు యాలమే? ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఇంట్లో నువ్వు మాట్లాడవు, తిని పండుకుంటావు." మల్లేశ్వరి చేతులు చీర కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది. "నలుగురు ఇనగూడదంటే దానికీ ఒక దారి ఉండాది గదా, మీ సంతలోది." అతని భుజం మీది ఎర్రగళ్ల తువాలు తీసుకుని తన కుడిచేతి మీద కప్పుకుంది. "సెయ్యి ఇయ్యి."

బసప్ప నిజంగానే బిత్తరపోయాడు. మాదన్న బల్ల మీది నుంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఆడోళ్లు తువాలు కింద సెయ్యి పెట్టేది నేను యాడా సూడలేదు."

"ఈ పొద్దు సూడు. సూసినందుకు దుడ్లు అడగనులే."

పిల్లల ఆటలో పాలుపంచుకున్నట్టు నవ్వుతూ బసప్ప చేయి లోపల పెట్టాడు. నాలుగు వేళ్లు పట్టుకుని లాగుతుంది, నవ్వి వదిలేద్దాం అనుకున్నాడు.

"మాట వేలల్లో," అని పైకి పలికింది మల్లేశ్వరి, అచ్చం సంతలో పలికినట్టు. ఆ వెంటనే తువాలు కింద ఆమె అరచేయి అతని అయిదు వేళ్లను ఒక్క పట్టున పట్టింది. నాకు అయిదు వేల పింఛను.

బసప్ప ఆమె చూపుడువేలు పట్టాడు. వెయ్యి. నెలకు రెండువందలతో పోతుంది.

ఆమె బొటనవేలు తిరగేసి అతని పట్టును విదిలించింది. కుదరదు.

బసప్ప నవ్వు సగంలో ఆగింది. ఆ విదిలింపు రైతులకు తెలియదు. దళారులు మాత్రమే వాడతారు. రెండు వేళ్లు పట్టాడు. ఆమె మళ్లీ అయిదు. మూడు. ఆమె అయిదు. మూడు పట్టి, అరచేతిలో గోటితో ఒక గీత గీశాడు, మూడున్నర అని. ఆ గీత ఆమెకు అర్థం కాదనే గీశాడు.

ఆమె అదే గీతను అతని అరచేతిలో అడ్డంగా చెరిపి, అయిదు పట్టి, బిగించి, వదలలేదు.

రాధికకు, మాదన్నకు కనిపించింది తువాలు గళ్లు కదలడం ఒక్కటే. ఆ తువాలు పైన మాత్రం బసప్ప ముఖం రంగులు మారింది.

"ఎవురు నేర్పించినారే నీకు ఇది?"

"నువ్వే."

"నేనా? నేనెప్పుడు?"

"రోజూ. పండుకున్నంక." మల్లేశ్వరి పట్టు వదలకుండానే చెప్పింది. "సంత రోజు రాత్రి నీకు నిద్రలో సేతులు ఊరుకోవు. పక్కలో ఉండేది నేను, దొరికేది నా సెయ్యి. వేళ్లు పడతావు, ఇదిలిస్తావు, గీతలు గీస్తావు. పెండ్లయిన కొత్తలో భయపడి మా అమ్మకు సెప్తే, వాయువులే, అరసేతులకు ఆముదం రాయి అనె. ఏడాది రాసినా. ఎంత రాసినా నీ బేరం తెగకపాయె. మల్లా ఒక పొద్దు నువ్వు అన్నం తింటా, జత ఇంతకు కుదిర్నాది అని ఎవరికో ఫోన్లో సెప్తివి. ముందు రాత్రి నా సేతిలో పడిన వేళ్లు అవే. అప్పుడు తెలిసె ఇది వాయువు కాదని."

రాధిక ముఖం ట్యాబ్ వెనక దాచుకుంది. మాదన్న దాచుకోలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి అనుమానం వచ్చి ఆగాడు.

"ఉండక్కా. అయితే నాకమ్మిన జత బసప్పన్న చేతికి ఎంతకు వచ్చిందో కూడా నీకు తెల్సునా?"

బసప్పకు చెమట పట్టింది. ఆ జతను అతను ఎంతకు కొన్నాడో మల్లేశ్వరి అరచేతికి నిన్న రాత్రే చేరి ఉండాలి.

"దళారి పక్కలో కుదిరిన బేరం బయటికి రాదు మాదన్నా," అంది మల్లేశ్వరి. "నీ ఎద్దులు మంచివి. పలుపులు ఇంకా మంచివి. పో, ఎండ ముదరకముందే ఇల్లు చేరు."

ఆ ఒక్క మాటకు ఈమెకు నెలకు వెయ్యి కట్టినా తప్పులేదు అనిపించింది బసప్పకు. నమ్మకమైన భాగస్తుడు దొరకడానికి సంతలో మనుషులు జీవితాలు ఖర్చు పెడతారు. తనకు పద్దెనిమిదేళ్లుగా పక్కనే ఉన్నాడా భాగస్తుడు, జీతం అడగకుండా.

మాదన్న వెళ్లాడు, వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ. బసప్ప గొంతు తగ్గించాడు.

"సరే, కట్టేదానికి అభ్యంతరం లేదు. యాడ నుంచి కడతామే? ఎద్దులు తగ్గిపోతాండాయి. పలుపులు ఎవురు కొంటారు ఇంక?"

"పలుపులా?" మల్లేశ్వరి తల తిప్పి గోడవైపు చూపించింది. "నువ్వు ఈ అంగట్లోకి వచ్చి కూర్చుంటావు, టీ తాగుతావు, పోతావు. ఏమి అమ్ముతాండానో ఎప్పుడన్నా సూసినావా?"

బసప్ప చూశాడు. గంటలు, మువ్వల పట్టెడలు, ముకుతాళ్లు ఎప్పటిలాగే ముందు వరుసలో వేలాడుతున్నాయి, దుమ్ము పట్టి. వాటి వెనక, అతను ఎప్పుడూ లెక్కపెట్టని చోట, బొటనవేలు లావున్న నైలాన్ మోకులు చుట్టలు చుట్టలుగా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"అవి లారీలవి. పత్తి లోడు మీద పట్టా కప్పి బిగించే మోకులు. ఆదోనికి పోయే లారీలు ఈ రోడ్డు మీదనే గదా పోయేది. నిలిపి కొంటారు. మూడేండ్లుగా నా యాపారం అదే. ఎద్దుల సామాను నీ ముఖం సూసి ముందర తగిలించినా, దళారి ఇంట్లో అవి లేకపోతే బాగుండదని. ట్రాక్టర్లు వస్తే నీకు నష్టమేమో, నాకు కాదు. ట్రాలీకి గడ్డి కట్టల్లన్నా మోకు కావల్ల."

మనిషి పొరపాటు పడితే పడవచ్చు. వ్యాపారి తన సొంత అంగట్లో సరుకు తెలియక పొరపాటు పడితే, అది పక్కవాళ్లకు చెప్పుకునేది కాదు. బసప్ప వారం రోజులు వేసిన లెక్కలో అంగడి రాబడి దగ్గర వేసుకున్న అంకె ఎన్నేళ్ల కిందటిదో అతనికి అప్పుడు తెలిసింది.

తువాలు కింద ఆమె చేయి ఇంకా అతని అయిదు వేళ్లను పట్టుకునే ఉంది. బసప్ప తిరిగి పట్టాడు, అయిదు. ఒకసారి ఊపాడు. కుదిరింది.

"నాది నెలనెలా అంగడి నుంచి," అంది మల్లేశ్వరి. "నీ సంపాదన ఒకపారి వాన, ఒకపారి ఎండ. నీది ఎట్ల కడతావు?"

"ఆరు నెలలకొకసారి కట్టే పద్ధతి కూడా ఉందక్కా," అంది రాధిక. "సంత బాగా జరిగే కాలం సూసి పెట్టుకోవచ్చు."

"అట్లే రాయి. ముందు నాది."

"నీదే ముందు లేవే," అన్నాడు బసప్ప. నవ్వు అతనికి తెలియకుండానే వచ్చింది.

పొదుపు సంఘం తరఫున మల్లేశ్వరికున్న బ్యాంకు ఖాతా నంబరును రాధిక తీసుకుంది. వేలిముద్రల యంత్రం బయటికి తీసింది. తాడు పేని పేని గీతలు అరిగిన బొటనవేలిని ఆ యంత్రం రెండుసార్లు ఒప్పుకోలేదు. మల్లేశ్వరి వేలిని కాస్త కొబ్బరినూనెతో రుద్ది, తుడిచి, మళ్లీ పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. తరువాత బసప్పది. ఇద్దరివీ అయ్యాక, రాధిక లెక్క చెప్పింది. ఇద్దరూ ఉంటే అరవైల్లో ఇంటికి నెలకు పదివేలు. ఎవరు ముందు పోయినా, మిగిలినవాళ్లకు రెండూ వస్తాయి.

"ఇప్పుడు నా ముక్కు కాడ వేలు పెట్టి సూడాల్సిన పని లేదు గదా?" అన్నాడు బసప్ప.

"ఇప్పుడు నువ్వే నాది సూసుకోవల్ల," అంది మల్లేశ్వరి, టీకి చెప్పి పంపుతూ.

టీ వచ్చింది. రాధిక తాగి, సామాను సర్దుకుని, పక్క వీధిలో ఇంకొకరి దగ్గరికి బయలుదేరింది. బసప్ప గ్లాసు పట్టుకుని కాళ్లు చాపుకున్నాడు. ముసలితనం అంటే ఇన్నాళ్లూ ఎవరో వచ్చి అడిగే బాకీలా ఉండేది. ఈ పూట అది ఎప్పుడో చేతికొచ్చే సొమ్ములా అనిపించింది. అంత తేలిక మనసులో భీమప్ప సంగతి కూడా కాసేపు మరిచిపోయాడు.

మల్లేశ్వరి తువాలు మడిచింది. కానీ అతని భుజం మీద వేయలేదు.

"ఇంగొక బేరం ఉండాది."

"ఇంగేమి?"

"నువ్వు ఆదోనికి పోయి వచ్చిన రాత్రి నా సేతిలో ఒక ధర పడింది. అయిదు, మల్లా అయిదు, పైన రెండు. పన్నెండు. కుదిరిందని ఊపినావు కూడా. పొద్దన కూర్చోని ఆలోచన సేసినా. వేలల్లో అయితే పన్నెండు వేలకు ఈ కాలంలో దూడ కూడా రాదు. లక్షల్లో అయితే అంత ధర పలికే ఎద్దుల జత ఈ సీమలో పుట్టలేదు." ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే బసప్పకు తేలికగా ఉండేది. "ఏమప్పా, ఈ జాగానా?"

బసప్ప గ్లాసు కింద పెట్టాడు. అవునని చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పే అవసరం లేకపోయింది. రోడ్డు మీద తెల్ల కారు ఆగి, అందులోంచి భీమప్ప దిగాడు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, చేతిలో తమలపాకుల కట్ట, చంకలో తోలు సంచి.

"ఏమప్పా బసప్పా, దినం మంచిదంటే ఈ పొద్దే తెచ్చినా బయానా," అంటూ మెట్టెక్కి చేయి చాపాడు.

బసప్ప లేచాడు. చేయి చాపితే, అరగంట కిందట ఈ అంగడిని నమ్మి ఆమె పెట్టిన వేలిముద్రకు అర్థం లేదు. చాపకపోతే, తువాలు కింద ఇచ్చిన మాట తప్పిన దళారి అవుతాడు, సంతలో అతని బతుకు ఆ పూటతో సరి. చేయి సగంలో ఆగిపోయింది.

ఆ సగం దూరాన్ని మల్లేశ్వరి దాటింది. చేతి మీద తువాలు కప్పుకుని ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"మామా, జాగా ఆయనది, అంగడి నాది. ఆయన మాట ఆయన ఇచ్చినాడు. నా మాట నువ్వు ఇంగా అడగలేదు. కూతురు లాంటిదాన్ని, తప్పు పట్టద్దు. సెయ్యి ఇయ్యి."

భీమప్ప పకపకా నవ్వాడు. "ఏమే, మీ యింట్లో ఆడోళ్లు కూడా బేరమాడతారే!" అంటూ సరదాగానే చేయి తువాలు కిందికి తోశాడు.

"మాట లక్షల్లో," అంది మల్లేశ్వరి.

తువాలు గళ్లు కదిలాయి. ఒకసారి, మళ్లీ ఒకసారి, ఆపైన ఇంకొకసారి. ఆ కదలికల్లో ధర పన్నెండు దాటిందని బసప్పకు తెలిసింది. ఎంత దాటిందో తెలియలేదు. భీమప్ప నవ్వు మాత్రం గడ్డం దాకా జారి మాయమైంది. చేయి బయటికి తీయకుండానే బసప్ప వైపు తిరిగాడు.

"బసప్పా, పక్క జాగా నేను పోయిన నెల కొన్యా, ఇంగా రిజిస్ట్రేషన్ కూడా కాలేదు. దానికి నేను ఎంతిచ్చినానో ఈమెకు యాడ తెల్సింది?"

పక్క జాగా అమ్ముడుపోయిందన్న సంగతే బసప్పకు తెలియదు.